మా రోజుల్ల ముల్లెకు కాంటా లేకుండె

నిన్న పొద్దుగాల మా నడిమింట్ల నా పెట్టెను గాలిల వేలాడదీసి తూచిన్రు. అరచేతిల పట్టేటంత కాంటా, దానికొక కొక్కెం. మా మనుమరాలు ఆ కొక్కెం పెట్టె పిడికి తగిలించి, రెండు చేతులతోటి పైకి లేపి, "పదహారున్నర, తాతా! కిలోన్నర తియ్యాలె" అన్నది. అనుడే కాదు, నేను మడతపెట్టి సర్దుకున్న రెండు ధోతులు, చలిగాలికని పెట్టుకున్న గొంగడి, నా ఇత్తడి చెంబు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది. నాకు డెబ్బై ఐదేండ్లు. కందులు తూచిన, మిరపకాయలు తూచిన, ఉల్లిగడ్డ బస్తాలు మార్కెట్‌ల నిలబడి తూపించిన. మనిషి కట్టుకునే బట్టలను తూచే దినం వస్తదని మాత్రం అనుకోలే.

సంగతేందంటే, మా పిలగాండ్లు ఓడ ప్రయాణం పెట్టిన్రు. ఇంటిల్లిపాది, ఆరుగురం. శంషాబాద్‌ల విమానమెక్కి చెన్నై పోవాలె, ఆడ ఓడెక్కాలె. ఓడ విశాఖపట్నం పోతది, పుదుచ్చేరి పోతది, తిరిగి చెన్నైకే వస్తది. మళ్ల విమానం, మళ్ల శంషాబాద్. నేను అడిగిన: "బిడ్డా, విశాఖపట్నం చూసుడే కావాలంటే నాంపల్లిల గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి పొద్దుగాల దిగుతం గదా, దక్షిణం దిక్కు పోయి ఉత్తరం దిక్కు తేలుడెందుకు?" మా కొడుకు నవ్విండు. "ఊరు చూసుడు కాదు నాయినా, ఓడల ఉండుడే ప్రయాణం" అన్నడు. ఊరు చేరుకునేటందుకు ప్రయాణం చేసుడు మాకు తెలుసు. ప్రయాణం కోసమే ప్రయాణం చేసుడు మీ కాలంల వచ్చింది.

మా ఊరు కొత్వాల్‌గూడ. మాకు సముద్రమంటే హిమాయత్‌సాగరే. 1908ల మూసీ పొంగి పట్నం సగం కొట్టుకపోయినంక, మళ్ల అసొంటి ఆపద రావద్దని దీన్ని ఈసీ నది మీద కట్టిన్రు, 1927ల పూర్తయింది. మా చిన్నప్పుడు దాని అలుగు దుంకితే ఊరంత కట్ట మీదికి ఉరికేది. ఆ నీళ్లను చూసే సముద్రం ఇట్లనే ఉంటదేమో అనుకుంటుంటిమి. ఇప్పుడు ఊరి పక్కనుంచి ఔటర్ రింగ్ రోడ్డు పోతది, మా ఊరి పేరు మీద ఎకో పార్కు పని పెట్టిన్రు, నెత్తి మీద రాత్రింబవళ్లు విమానాలే. సుమారు 5,500 ఎకరాల విమానాశ్రయం 2008 మార్చిల మొదలైంది. అండ్ల పోయిన చెలకలల్ల జొన్నలు పండుతుండె. ఆ జొన్న రొట్టెల రుచి చెప్తే మీకు కథలెక్క ఉంటది, చెప్ప.

మా ఇంటి డాబా మీద నిలబడితే విమానం పొట్ట కింది చక్రాలు కూడ కనబడతయి. అంత దగ్గర. అయినా సరే, రెండు గంటల ముందే ఆడ ఉండాలెనంట. మా రోజుల్ల శంషాబాద్ సడక్ మీద బస్సుకోసం నిలబడితే, డ్రైవర్ మనల్ని చూసి, మన ముల్లెలను చూసి, మన ముసలమ్మ ఇంక దూరంగ వస్తున్నదని చూసి, ఆగేటోడు. మన కోసం బండి ఆగుతుండె. ఇప్పుడు బండి కోసం మనం ఆగుతున్నం. ఓడ అయితే ఇంక ఘోరం. యాల్లకు రాకుంటే నీ పెట్టె ఎక్కినా నువ్వు ఎక్కకున్నా అది కదిలిపోతదంట. విమానం ఆలస్యమైందని ఓడ ఆగదు. అందుకని మా కోడలు ఒక దినం ముందే చెన్నై పోయి, ఆడ రాత్రి పండి, తెల్లారి రేవుకు పోవాలని పెట్టింది. పడవ కోసం ముందురాత్రే పోయి రేవుల పండుడు పాతకాలపు పద్ధతే. ఆమెకు తెలియకుండనే పెద్దోళ్ల తెలివి చేసింది.

ఇగ ముల్లె ముచ్చటకు వస్త. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 ఫిబ్రవరిల మొదలైంది. ఆ మరుసటేడే మేము దాండ్ల వాల్తేరు పోయినం. విశాఖ స్టేషన్‌కు అప్పుడు అదే పేరు. మా దోస్తు ఒకడు ఆడ షిప్‌యార్డుల పని చేస్తుండె, వాని చెల్లె పెండ్లి. మేము ఇద్దరం మొగుడు పెండ్లాలం, ఒక చంటిపిలగాడు. సామాను చెప్త, వినున్రి. ఒక ఇనుప సందుగ. ఒక హోల్డాలు, దాండ్ల పరుపు, దుప్పట్లు, దిండ్లు. సకినాల డబ్బా. గరిజెల డబ్బా. మామిడికాయ తొక్కు జాడి, మూతికి తెల్లబట్ట కట్టి. కుడుకల సంచి. సద్దిముల్లెల సర్వపిండి, జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం. మట్టి కూజా. టిఫిన్ క్యారియర్. ఇంక ఒక గంప, దాండ్ల ఏమున్నదో నాకు ఈనాటికీ తెల్వదు. స్టేషన్‌ల ఎవ్వడు తూచలే. రైలు కానూన్ల కూడ మనిషికి ఇన్ని కిలోలని ఉంటది. రెండో తరగతికి 35, స్లీపర్‌కు 40 కిలోల దాకా ఉచితం. ఆ లెక్క చూస్తే కూడ, మనిషికి పదిహేను కిలోలని చెప్పే ఈ విమానాల కన్న రైలు ఎంత పెద్దమనసుది!

మీరు అడుగుతరు, మూడు దినాల పెండ్లికి అంత సామాను ఎందుకని. ఆ సామాను మాది కాదు బిడ్డా. ఆ సందుగల మా బట్టలు ఒక మూలకు పట్టేటన్ని. మిగిలినదంత ఊరు పంపిన సామాను. ప్రయాణమున్నదని తెలిస్తే చాలు, ముందురోజు పొద్దుగూకంగ ఒక్కొక్కరే వచ్చేటోళ్లు. "పెండ్లిపిల్లకు ఈ రవికెగుడ్డ ఇయ్యి." "మా మేనత్త బిడ్డ అటుదిక్కే ఉన్నది, ఈ తొక్కు ముట్టజెప్పు." "కుడుకలు మంచియి దొరికినై, పెండ్లింట్ల పనికొస్తయి." కాదంటే తప్పు. నీ సందుగల నా వస్తువుకు జాగ లేదంటే, నీ మనసుల నాకు జాగ లేదన్నట్టు. అట్ల ఊరంతా కొద్దికొద్దిగ మా సందుగలకు చేరి రైలెక్కింది. వచ్చేటప్పుడు ఆ డబ్బాలు ఖాళీగ రాలే. అక్కడోళ్లు పూతరేకులు పెట్టిన్రు, జీడిపప్పు పెట్టిన్రు, సముద్రపు గవ్వలు పెట్టిన్రు. ఆ గవ్వలు మా గల్లీ పిల్లలకందరికి పంచినం. చెవికి పెట్టుకొని సముద్రం వినపడుతున్నదని ఎన్ని దినాలు ఆడుకున్నరో.

ఓడను నేను మొదటిసారి చూసింది ఆ పెండ్లికి పోయినప్పుడే. దోస్తు మమ్మల్ని రేవు దిక్కు తీసుకపోయి, ఆ పక్క డాల్ఫిన్ నోస్ కొండను చూపి, "స్వాతంత్ర్యమొచ్చినంక మన దేశంల కట్టిన మొదటి పెద్ద ఓడ జల ఉష, ఇక్కడిదే. 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి నీళ్లల్లకు దించిండు" అని తానే కట్టినంత గర్వంగ చెప్పిండు. దూరాన నీళ్ల మీద ఒక సరుకుల ఓడ నిలబడి ఉండె. మా ఊరంతటిని అందుల ఎక్కియ్యొచ్చనిపించింది.

ఇప్పుడు మేము ఎక్కబోయే ఓడ సంగతి మనుమరాలు చెప్పింది. పదకొండు అంతస్తులు, దాదాపు 800 గదులు. 1990ల ఫ్రాన్స్‌ల కట్టిన్రంట, ముందుగల వేరే పేరుతోటి అమెరికా దిక్కు తిరిగి, ఇప్పుడు ఎంప్రెస్ అని మన దేశంల తిరుగుతున్నది. 2022 జూన్‌ల చెన్నై నుంచి మొదటిసారి విశాఖకు వచ్చింది. ఆ మరుసటేడు సెప్టెంబర్‌ల విశాఖల ఇసొంటి ఓడల కోసమే సుమారు 96 కోట్లతోటి ప్రత్యేకంగ టెర్మినల్ తెరిచిన్రు. 800 గదుల ఓడల నా ఇత్తడి చెంబుకు జాగ లేదా అని అడిగిన. "ఓడల ఉన్నది తాతా, విమానంల లేదు" అన్నది. అదే నా బాధ. ఏనుగు ఎల్లేటి వాకిలి ముందట పిల్లి ఎల్లేటి కిటికీ పెట్టిన్రు.

ఆ పిల్ల కాయితం పట్టుకొని నాకు పాఠం చెప్పింది. కింద ఇచ్చే పెట్టె పదిహేను కిలోలు, చేతిల పట్టుకునే సంచి ఒక్కటే, ఏడు కిలోలు. కుడుకలు విమానంల వద్దనే వద్దు. ఎండుకొబ్బరిల నూనె ఉంటది, అగ్గి అంటుకునే సరుకు కింద లెక్క. కుడుక లేకుండ శుభకార్యమెట్ల జరుగుతదో, పెండ్లినాడు పేరు కట్టి మెడల వేసే కుడుక చెడ్డదెట్ల అయితదో నాకు సమజు కాలే. తొక్కు చేతిసంచిల వద్దు, నూనె కారుతది. ఫోనుకు కరెంటు ఎక్కిచ్చే డబ్బా మాత్రం చేతిసంచిలనే ఉండాలె, కింది పెట్టెల పెట్టొద్దు. ఇస్త్రీపెట్టె ఓడల వద్దు, నీళ్లు కాగబెట్టే కెటిల్ వద్దు, నడిసముద్రంల అగ్గి పుడితే ఉరికేటందుకు జాగ లేదు గనక. ఆ మాట మాత్రం నిజమే, ఒప్పుకున్న. మా అమ్మ చెంబుల నిప్పులు పోసి నాయిన అంగీ ఇస్త్రీ చేస్తుండె. అసొంటి చెంబునే తీసి మంచం మీద పెట్టిన్రు గదా, ఇగ ఆ మాటెందుకు.

ఇంకో ముచ్చట విన్నంక నాకు నిద్ర పట్టలే. రేవుకు పోంగనే పెద్ద పెట్టెలకు చీటీ కట్టి మన చేతులనుంచి తీసుకుంటరంట. అవి గదికి చేరేటాల్లకు కొన్ని గంటలు పడతదంట. అందుకని బీపీ గోలీలు, షుగర్ గోలీలు, కాయితాలు, ఒక జత బట్టలు, పిల్లలు ఈతకొట్టే బట్టలు చేతిసంచిలనే ఉండాలె. మా రోజుల్ల సందుగ మీద కూసుండే ప్రయాణం చేసినం. సందుగను ఇడిసి దూరం పోతే ప్రాణం గుంజేది. దిగేముందు రాత్రి కూడ పెట్టెలు సర్ది గది బయట పెట్టాలెనంట, తెల్లారి కట్టుకునే బట్టలు తీసిపెట్టుకొని. తెలియకుండ అన్ని సర్దినోళ్లు తెల్లారి రాత్రిబట్టలతోటే దిగవలసి వస్తదని ఆ పిల్ల ముందే జాగ్రత్త చెప్పింది.

మా కోడలు సర్దే తీరు చూసిన. బట్టలు మడతపెట్టది, చాపలెక్క చుట్టి పెడతది. చుడితే ముడతలు తక్కువంట, జాగ తక్కువంట. ఒకరి బట్టలన్ని ఒక పెట్టెల పెట్టది. ప్రతి పెట్టెల ఇంటిల్లిపాది బట్టలు సగం సగం కలిపి పెడతది. ఒక పెట్టె ఎక్కడనన్న తప్పిపోయినా ఎవ్వరు కట్టుబట్టలతోటి మిగలరంట. చెప్పులు మనిషికి రెండు జతలే, ఒకటి కాళ్లకు, ఒకటి పెట్టెల. చీరలు పట్టువి ఒక్కటే, మిగతావి ఉతికితే రాత్రికి రాత్రి ఆరేటియి. గది చిన్నగ ఉంటది, గోడలు ఇనుపయి, అందుకని అయస్కాంతం కొక్కేలు నాలుగు కొన్నది, టవళ్లు తగిలిచ్చేటందుకు. ఇదంత చూస్తుంటే నా నోట మాట రాలే. పెట్టెలు సర్దుడు నాకు తెల్వదా అనుకున్న. సగం సగం కలిపే ఉపాయం మా రోజుల్ల మాకు తట్టలే.

అయినా నా మనసు ఒప్పలే. ఇండ్ల ఊరు యాడున్నది? ఆరుగురికి ఆరు పెట్టెలు, అన్నిట్ల మన బట్టలే, మన గోలీలే, మన ఫోన్ల వైర్లే. ముందురోజు ఒక్కరు కూడ తలుపు కొట్టలే. ఒక్క తొక్కు సీసా రాలే. మేము పోతున్నమని పక్కింటోళ్లకు తెల్వదు. వాళ్లు మొన్న ఎటు పోయొచ్చిన్రో మాకు తెల్వదు. పెట్టె తేలికైంది, నిజమే. ఏం తీసేస్తే తేలికైందో చూస్తరా ఎవరన్న?

ఈ మాట అంటుంటే నాకు మా గల్లీ చాచా గుర్తొచ్చిండు. నాకు పదమూడు పద్నాలుగేండ్లున్నప్పుడు ఆయన హజ్‌కు పోయిండు. అప్పుడు శంషాబాద్‌ల విమానం యాడిది. నాంపల్లిల రైలెక్కి బొంబాయి, ఆడ మొగల్ లైన్ కంపెనీ ఓడెక్కి జెద్దా. ఓడల హజ్ మన దేశంల 1995 దాకా నడిచింది, ఆ తర్వాత అందరు విమానాలల్లనే. ఇప్పుడు మా ఊరి పక్కనుంచే పోతున్నరు. చాచా పోయేనాడు ఊరంత సాగనంపిన్రు. ఆయన సందుగ తెరిచి చూపిచ్చిండు. కొన్ని బియ్యం, పప్పు, తొక్కు. రెండు కుట్టని తెల్లబట్టలు, ఇహ్రాంకు. ఇంకొక తెల్లబట్ట మడతపెట్టి అడుగున ఉన్నది. అదేందని అడిగిన. "కఫన్ బేటా" అన్నడు. తను పోతే చుట్టే బట్ట తానే పట్టుకపోతున్నడు. జంజం నీళ్లల్ల తడిపి తెచ్చుకుంటనని చెప్పిండు. నెలల తర్వాత తిరిగొచ్చినప్పుడు అదే సందుగ మూత పడకుండ నిండి ఉన్నది. ఖర్జూరాలు, తస్బీలు, రేకుడబ్బాల జంజం నీళ్లు. గల్లీ గల్లీ తిరిగి పంచిండు. నాకు రెండు ఖర్జూరాలు వచ్చినై. ఆ రెండు గింజలు మా పెరట్ల పాతిపెట్టిన, మొలవలే.

ఈ కథ నేను ఇంటోళ్లకు చెప్పి, "సూడున్రి, మా రోజుల్ల సందుగలంటే అట్ల ఉండె" అన్న. మా ఇంటామె అప్పటిదాక మూలకు కూసొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తుండె. తలెత్తలే. "ఆ వాల్తేరు సందుగ ఎవరు మోసిన్రు?" అన్నది.

నేను మాట్లాడలే.

"చంకల పిలగాడు, నెత్తి మీద సందుగ. స్టేషన్ నుంచి మీ దోస్తు ఇంటిదాక. కూలికి పైసలెందుకని నువ్వే అన్నవు. నువ్వు కూజా పట్టుకొని ముందల నడిచినవు" అన్నది. కోపంగ అనలే. చిక్కుడుకాయలు లెక్కపెట్టినంత నెమ్మదిగ అన్నది. ఈ యాభై ఏండ్లల్ల ఆమె ఆ మాట ఒక్కసారి కూడ ఎత్తలే. ఆమె మెడనొప్పికి డాక్టర్ల చుట్టు తిరుగుతున్నం పదేండ్ల సంది.

నిజం చెప్త బిడ్డా, నాకు ఆ సందుగ బరువు ఎంతనో ఈనాటికీ తెల్వదు. నేను ఎత్తితే గద తెలిసేది. ఊరంత ఆ సందుగల చేరిందని ఇంతసేపు గొప్పగ చెప్పిన. ఆ ఊరు నెత్తి మీద నిలబడింది ఆమెకు. తొక్కు పంపినోళ్ల ప్రేమ నిజం, అందుకున్నోళ్ల సంతోషం నిజం, నడిమిట్ల ఆమె మెడ కూడ నిజం. నేను ఒక్కటి కూడ అబద్ధం చెప్పలే, ఒక్క ముచ్చట ఇడిసిపెట్టిన. మీ పెట్టెల కింది చక్రాలు బండల మీద గొరగొర చప్పుడు చేస్తుంటే నాకు పండ్లు జివ్వుమంటుండె. మొన్నటిదాక తిట్టుకున్న. ఆ చక్రాలు 1975ల ఉంటే ఎంత బాగుండునో నిన్న సమజైంది.

అట్లని కాంటా నాకు నచ్చిందని అనుకోకున్రి. మనుమరాలిని పిలిచి, "నా పెట్టె మళ్ల తూచు" అన్న. నావి ధోతి ఒక్కటి, అంగీలు మూడు, తువ్వాల. మిగతాయి కోడలు కలిపిన ఇంటోళ్ల బట్టలు. గొంగడి వద్దన్న, ఓడల దుప్పట్లు వాళ్లే ఇస్తరంట. చెంబు కూడ వద్దన్న. పదకొండు కిలోలు చూపింది. "ఇంక నాలుగు కిలోలున్నయి తాతా, ఏం పెట్టుకుంటవు?" అన్నది. ఖాళీగనే ఉంచమన్న. "పోయేటప్పుడు ఖాళీగ పోదాం. విశాఖల ఓడ ఆగుతది గద. ఆడ ఏటికొప్పాక లక్క బొమ్మలు దొరుకుతయి, అంకుడు కర్రవి, బరువుండయి. పక్కింటి పిల్లలకు, ఎదురింటోళ్లకు, పాలు పోసే ఆమె బిడ్డకు తెద్దాం" అన్న. ఆ పిల్ల వెంటనే కాయితం తీసింది. "పేర్లు చెప్పు, రాసుకుంట" అన్నది.

చెప్పబోతే నాకు పేర్లు రాలే. ఎదురింట్ల పిల్లలు ఎందరో, వాళ్ల పేర్లేందో నాకు తెల్వదు. వాళ్లు వచ్చి నాలుగేండ్లు అయింది. ఊరు తలుపు కొట్టలేదని ఇంతసేపు గునిగిన, నేను ఎవరి తలుపు కొట్టిన? పొద్దుగూకినంక చెప్పులేసుకొని పోయిన. ఎదురింటి తలుపు కొట్టి, "మేము వారం దినాలు ఊర్లె ఉండం. విశాఖపట్నం దిక్కు మీవోళ్లెవరన్న ఉన్నరా, ఏమన్న ముట్టజెప్పాల్నా?" అని అడిగిన. ఆ పిల్లల తల్లి ముందుగల తెల్లబోయింది. తర్వాత కూసోమన్నది, చాయ్ పెట్టింది. వాళ్ల అక్కది గాజువాకనంట.

తెల్లారేసరికి ఆమె ఒక కాగితపు పొట్లం తెచ్చిచ్చింది. సకినాలు. కాంటా మీద పెడితే ఆరువందల గ్రాములు. మా కోడలు నా మొకం చూసింది, ఏమనలే, నా పెట్టెల తువ్వాల నడుమ ఇరగకుండ చుట్టి పెట్టింది.

బండి వచ్చింది. పెట్టెలన్నీ చక్రాల మీద గొరగొరమనుకుంట వాకిలిదాక పోయినై. మా ఇల్లు పాతది, గడప జానెడెత్తు. అక్కడ అన్నీ ఆగినై. మా ఇంటామె పెట్టె కూడ ఆగింది. ఆమె వంగబోతుంటే నేను పోయి పిడి పట్టుకున్న. పన్నెండు కిలోలుంటదేమో. గడప దాటిచ్చి బండిల పెట్టేటాల్లకు నాకు ఆయాసమొచ్చింది.